ఉక్లా బావ కింద పెట్టిన కప్పు

మా ఊరు తెల్ గురాబ్‌లో అబద్ధం చెప్పడంలో నాకు సాటి వచ్చేవాడు లేడు. ఇది మాత్రం నిజం. దరా స్టేషన్లో పట్టాలు తప్పిన రైలింజన్ని భుజంతో మళ్ళీ పట్టాలెక్కించింది నేనే. డమాస్కస్ బడిలో టర్కీ పంతులికి లెక్కలు నేర్పించి, ఇక అక్కడ నాకు నేర్పడానికి ఎవరి దగ్గరా ఏమీ మిగల్లేదని మధ్యలో లేచి వచ్చేసిందీ నేనే. నన్ను మెడపట్టి గెంటేశారని చెప్పేవాళ్ళున్నారు. వాళ్ళెవరూ ఆ రోజు అక్కడ లేరు. నేనున్నాను.

అయితే ఇది నా కథ కాదు. మా వద్‌హా అక్క మొగుడు ఉక్లా కథ. ఊరి మదాఫాలో కాఫీ కాచేవాడాయన. షేక్ ముత్లక్ గారి వాకిట్లో ఉన్న పెద్ద నల్లరాతి గది మదాఫా. ఊళ్ళోకి అడుగుపెట్టిన అతిథి దొంగయినా దొరయినా ముందు అక్కడే కూర్చుంటాడు. కూర్చున్నాక అతని ముందుకు మొదట వచ్చేది ఉక్లా బావ నీడ, ఆ తర్వాత కాఫీ వాసన, ఆఖర్న కప్పు.

బావ పొడుగ్గా, సన్నగా, మాట పొదుపుగా ఉండేవాడు. ఆయన మాట్లాడాల్సిందంతా రోట్లో దంచుతూ చెప్పేసేవాడు. కాఫీ గింజలు దంచే రోకలి చప్పుడు వింటే చాలు, పొలంలో ఉన్నవాళ్ళకి మదాఫాలోకి ఎవరొచ్చారో తెలిసిపోయేది. పెళ్ళిమాటకి ఒక దరువు, పరామర్శకి ఒక దరువు, పన్ను వసూలు చేసేవాడు వస్తే ఇంకో దరువు. ఆ మూడోది వినగానే ఊళ్ళో మగాళ్ళందరికీ ఒకేసారి దూరపు పొలంలో పని గుర్తొచ్చేది. ఒకసారి బావ పెళ్ళి దరువు వేస్తుంటే పక్కూరి ఒంటెలు మూడు మైళ్ళు నడిచొచ్చి గుమ్మం ముందు మోకాళ్ళ మీద కూర్చున్నాయి. నమ్మకపోతే ఆ ఒంటెల్ని అడగండి.

ఇక ఆ కాఫీ. పంచదార లేకుండా, యాలకులు వేసి, కప్పు అడుగున నాలుగు గుటకలకి సరిపడా పోసేవాడు. దాన్ని తాగినవాళ్ళు కాసేపు మాట్లాడేవాళ్ళు కాదు. ఆ ఒక్క విషయంలో నేను గొప్పలు కలపక్కర్లేదు.

కాఫీ దగ్గర మాకు కొన్ని పద్ధతులున్నాయి. మొదటి కప్పు పోసేవాడే తాగాలి, అందులో ఏమీ కలపలేదని అందరికీ తెలియడానికి. చాలనుకున్నవాడు కప్పుని వేళ్ళ మధ్య అటూ ఇటూ ఊపాలి, లేకపోతే పోస్తూనే ఉంటారు. అన్నిటికంటే ముఖ్యమైనది, ఏదైనా అడగడానికి వచ్చినవాడు తన కప్పు తాగడు. ముట్టకుండా నేలమీద పెడతాడు. ఇంటాయన “తాగు, నువ్వడిగింది అయింది” అనేదాకా అది అలా ఉండాల్సిందే. పిల్లని అడిగినా, హత్యకి రాజీ అడిగినా ఆ కప్పు మీదే తేలేది. మా అక్కని అడగడానికి ఉక్లా బావ తండ్రి మా ఇంట్లో కప్పు కింద పెడితే, మా నాన్న అది చల్లారి, మీద తొరక కట్టేదాకా ఆలోచించాడట. ఆ సంగతి బావకి ఇప్పటికీ గుర్తుచేస్తుంటాను.

టర్కీవాళ్ళ యుద్ధం చివరికొచ్చిన ఏడు, అంజూర పళ్ళు ఎండబోసే రోజుల్లో, ఒక ఇంగ్లీషు ఆఫీసరు మా ఊరొచ్చాడు. తలకి మాలాగే గుడ్డ చుట్టుకున్నాడు. ముక్కు మీద తోలు ఉల్లిపొరలా లేచిపోతోంది. అరబ్బీ మాట్లాడాడు గానీ, ఒక్కో మాటా గుడ్డు పెడుతున్న కోడిలా కష్టపడి బయటికి తెచ్చాడు.

“వెనక మీ అరబ్బుల ఎమీర్ గారి సైన్యం వస్తోంది. టర్కీవాడు వెళ్ళిపోతాడు. ఆ తర్వాత ఈ దేశం మీది. మీ రాజు, మీ జెండా. ఇది మా రాజుగారి మాట” అన్నాడు.

బావ మొదటి కప్పు తను తాగి, రెండోది ఆయనకి పోశాడు. ఆయన గటుక్కున తాగేశాడు. కప్పు ఊపలేదు. బావ మళ్ళీ పోశాడు. మళ్ళీ తాగాడు. పాపం ఆపడం తెలీదు ఆయనకి, ఆపకుండా ఉండడం బావ ధర్మం. నుదుటి మీద చెమట పట్టి, కళ్ళు గుడ్లగూబ కళ్ళలా అయ్యేదాకా ఆ యుద్ధం సాగింది. చివరికి షేక్ గారే జాలిపడి కప్పు ఆయన చేతిలోంచి తీసుకున్నారు.

ఆఫీసరు గుర్రాల దగ్గరికి వెళ్ళగానే షేక్ గారు బావ వైపు తిరిగారు. అతిథి ఎలాంటివాడో కప్పు పట్టుకున్న తీరుని బట్టి చెప్పడం బావ పని. ఊరంతా ఆ తీర్పు మీద నడిచేది.

“ఏమంటావు ఉక్లా?”

“కావాల్సింది ఉన్నవాడు కప్పు కింద పెడతాడు. ఇతను పెట్టలేదు. పోసిందల్లా తాగాడు. ఇతనికి మన దగ్గర కావాల్సిందేమీ లేదు, షేక్ గారూ.”

“బావా, అతనికి మన పద్ధతి తెలీదేమో” అన్నాను నేను.

“బడి సగంలో మానేసినవాడివి, నువ్వా నాకు పద్ధతులు చెప్పేది” అన్నాడు బావ. మదాఫా అంతా నవ్వింది.

నేనా మాట అన్నది ఆ రోజు కాదనీ, రెండేళ్ళ తర్వాత అన్నాననీ మా అక్క వాదిస్తుంది. అక్క జ్ఞాపకశక్తి కొంచెం తక్కువ.

ఆఫీసరు తిరిగొచ్చాక షేక్ గారే మర్యాదకి, మీకేమైనా కావాలా అని అడిగారు. కొన్ని ఒంటెలు, బార్లీ, దారి చూపడానికి ఒక మనిషి ఉంటే బాగుంటుందన్నాడు. మేం బావ మొహం చూశాం.

“మనం అడిగితే చెప్పాడు” అన్నాడు బావ. “అది కోరిక కాదు, జవాబు.”

ఒంటెలిచ్చాం, బార్లీ ఇచ్చాం. దారి చూపడానికి షేక్ గారు తన కొడుకు హాయెల్‌ని పంపారు. వాడు వారం తర్వాత మెడలో ఇంగ్లీషు ఈలతో తిరిగొచ్చాడు. ఆఫీసరు బహుమతట. ఆ చలికాలమంతా వాడు ఊదిన ఊదుడికి ఊళ్ళో మేకలు పాలివ్వడం మానేశాయి.

తర్వాత దాదాపు రెండేళ్ళు దేశం మాదే అనుకున్నాం. దరాలో మా జెండా ఎగిరింది. రెండో ఏడు వసంతంలో డమాస్కస్‌లో స్వతంత్రం ప్రకటించి ఎమీర్ గారిని రాజుని చేశారని తెలిసినరోజున బావ కాచిన కాఫీ లాంటిది నేను మళ్ళీ తాగలేదు. చాలామంది అదే అంటారు. ఎప్పుడూ మొహం ముడుచుకుని ఉండే మసీదు ఇమాం కూడా ఆ రోజు కప్పు ఊపడం మర్చిపోయాడు.

నిజం తర్వాత తెలిసింది. ఇంగ్లీషువాళ్ళూ ఫ్రెంచివాళ్ళూ మమ్మల్ని ముందే పంచేసుకున్నారు. మా ఉల్లిపొర ముక్కాయన మా కాఫీ తాగేనాటికే ఆ పంపకం కాగితం మీదికెక్కి ఉంది. ఇంగ్లీషు సైన్యం సర్దుకుని దక్షిణానికి పోయింది, ఫ్రెంచివాళ్ళు బేరూత్ నుంచి టాంకులతో బయల్దేరారు. అడ్డుకోవడానికి రమ్మని డమాస్కస్ నుంచి కబురొస్తే మా ఊళ్ళోంచి కొందరం మైసలూన్ కనుమకి వెళ్ళాం. నా దగ్గర తుపాకీ లేదు, వడిసెల ఉంది. దాంతో ఒక విమానాన్ని కొట్టాను. అది పడింది కూడా. కాకపోతే పడడానికి బేరూత్ దాకా వెళ్ళింది.

హాయెల్ నాకు ఎడమ పక్కన, ఒక రాయి వెనక కూర్చున్నాడు. నేను తిరిగి చూసేసరికి చెంప ఆ రాయికి ఆనించి ఉన్నాడు. ఇక లేవలేదు.

పరామర్శకి వచ్చినవాళ్ళందరికీ బావే కాఫీ పోశాడు. పోస్తూ పోస్తూ షేక్ గారి మొహం వంక చూసేవాడు. ‘ఇతనికి మన దగ్గర కావాల్సిందేమీ లేదన్నావు కదా ఉక్లా’ అని ఆయన ఒక్క మాట అంటారని ఎదురుచూశాడు. ఆయన అనలేదు. ఆ రోజు అనలేదు, తర్వాతా అనలేదు. ఆ ఈలని మదాఫాలో మేకుకి తగిలించి, తన చోట కూర్చుని, ఎప్పటిలాగే బావ చేతి కప్పు అందుకున్నారు. అరిచి ఉంటే బావ ఆ పూటకి ఏడ్చి తేలికపడేవాడు.

ఆ శరత్కాలం ఫ్రెంచి కెప్టెను ఒకాయన సైనికులతో, బేరూత్ దుబాసీతో మా ఊరొచ్చాడు. శత్రువైనా సరే మదాఫాలోకి వచ్చాక అతిథే. షేక్ గారు మెత్త చూపించారు. బావ కాఫీ కాచాడు, పద్ధతి ప్రకారం మొదటి కప్పు తనకి పోసుకున్నాడు. పోసుకుని తాగలేదు. ముందుకు వంగి, కెప్టెను బూట్ల ముందు నేలమీద పెట్టాడు.

దుబాసీ కెప్టెను చెవిలో ఏదో చెప్పాడు. కెప్టెను మర్యాదస్తుడే, నవ్వలేదు.

“ఏం కావాలట?”

“మీరు ఇంటికి వెళ్ళిపోవాలి” అన్నాడు బావ. “టర్కీవాడు పోయాక ఈ దేశం మాదని మాటిచ్చారు. ఇక్కడే, ఈ గదిలో, ఈ కాఫీ తాగి ఇచ్చారు.”

“మాటిచ్చింది ఇంగ్లీషువాళ్ళు. మేం కాదు.”

“మీరిద్దరూ ఒక జట్టేగా?”

“యుద్ధంలో మాత్రమే” అన్నాడు కెప్టెను. “మామూలప్పుడు మాకూ వాళ్ళకీ పడదు.”

“మరి మా ఊరిని పంచుకోవడానికి ఎలా పడింది?” అన్నాను నేను ఫ్రెంచిలో. నాకు ఫ్రెంచి పదం పదం వచ్చు. దుబాసీ నా వంక చూసి, ఈయనేదో గుర్రానికి దాణా అడుగుతున్నాడని చెప్పాడు. అసూయ.

కెప్టెను కప్పు వంక కాసేపు చూశాడు. “ఇది నా చేతుల్లో లేదని చెప్పు. పారిస్‌లో అనుకున్నది ఇది” అని లేచాడు. వెళ్తూ వెళ్తూ కప్పుకి కాలు తగలకుండా జాగ్రత్తగా పక్కనుంచి నడిచాడు.

కాఫీ చల్లారింది. బావ దాన్ని తీసుకెళ్ళి గుమ్మం అవతల మట్టిలో పోసి, కప్పు కడిగి బోర్లించాడు.

“తాగు ఉక్లా” అన్నారు షేక్ గారు మెల్లగా. “ఇంకోటి పోసుకో.”

“నేను అడిగింది కాలేదు, షేక్ గారూ. అయ్యేదాకా తాగను.”

“అడిగింది నన్ను కాదుగా.”

“అయినరోజున తాగమనాల్సింది మాత్రం మీరే.” బావ తల ఎత్తలేదు. “ఆ రోజు మీరు ఈ గదిలో ఉండి ‘తాగు’ అనాలి. ఇంకెవరన్నా నాకు చెల్లదు.”

షేక్ గారికి అప్పటికే గడ్డం నెరిసింది. “ఎన్నాళ్ళు ఉండమంటావు నన్ను?” అన్నారు.

“ఉండాలి మరి” అన్నాడు బావ.

వెంటనే ఒక చిక్కొచ్చింది. పోసేవాడు మొదటి కప్పు తాగకపోతే అతిథి ఎవడూ ముట్టడు. తాగనివాడికి మదాఫాలో ఏం పని? బావని తీసేసి పక్కూరివాణ్ణి పెట్టుకుందామని కొందరన్నారు. షేక్ గారు గడ్డం నిమురుకుని నా వైపు చూశారు.

“ఈ ఫందీ ఉన్నాడుగా. వాడు తాగుతాడు.”

“కాఫీలో విషం ఉంటే?” అని ఎవరో అడిగారు.

“ఊరికి పెద్ద నష్టమేం లేదు” అన్నారు షేక్ గారు.

అలా నాకు ఉద్యోగమొచ్చింది. ఊళ్ళో అందరికంటే ముందు, ప్రతి అతిథి ఎదుటా, మొదటి కప్పు నాది. అప్పట్నుంచి నాకు నిద్ర పట్టలేదు. ఈ మాట గొప్పకి చెప్పడం లేదు. నిద్ర లేక ఏం తోచక పక్కింటివాళ్ళ కలలు కూడా నేనే చూసిపెట్టేవాణ్ణి, పొద్దున్నే వాళ్ళకి చెప్పేవాణ్ణి.

మొదట్లో కాఫీ బాగానే ఉండేది. బావ నాలుకకి రుచి ఇంకా గుర్తుంది. కానీ రుచి కూడా మనుషుల మొహం లాంటిదే, చూడకపోతే చెరిగిపోతుంది. కొండమీది ద్రూజు తెగవాళ్ళు తిరగబడి, ఫ్రెంచి విమానాలు ఊళ్ళమీద బాంబులేసిన ఏటికి, గింజలు కాస్త ఎక్కువ మాడుతున్నాయని తెలిసింది. తర్వాత యాలకులు పెరిగాయి. తర్వాత రెండూ పెరిగాయి. చివరికి అది ఏ స్థితికి వచ్చిందంటే, ఒకసారి నా కప్పులో తేలు పడింది. అది బయటికి పాక్కుంటూ వచ్చి, నాకు సలాం చేసి, ఊరు వదిలి వెళ్ళిపోయింది.

ఎవరూ బావకి చెప్పలేదు. షేక్ గారు మొదటి గుటకకీ రెండో గుటకకీ కనుబొమ్మ కదపకుండా తాగేవారు. ఆయన తాగాక కాదనేవాడెవడు? ఇజ్రా నుంచి వచ్చిన ధాన్యం వర్తకుడొకడు నోట్లో పోసుకుని బుగ్గలు ఉబ్బించి అటూ ఇటూ చూశాడు. షేక్ గారు అతని వంక ఒక్క చూపు చూశారు. మింగాడు. ఇంకో కప్పు కూడా అడిగి తాగాడు.

ఒకనాడు నేను పొట్ట పట్టుకుని అక్క దగ్గరికెళ్ళాను.

“అక్కా, నీ మొగుడు నన్ను చంపేస్తున్నాడు. గింజలు కాస్త ముందే దింపమని ఒక్క మాట చెప్పరాదూ?”

అక్క గోధుమలు ఉడకబెట్టి ఎండబెట్టిన బుర్గుల్ రవ్వ చెరుగుతోంది. చేట ఆపలేదు. “చెప్తే ఏం చేస్తాడు? రుచి చూసుకోవాలి. రుచి చూస్తే ఒట్టు పోతుంది. చూడకపోతే కాఫీ కాచడం మానేస్తాడు. మానేస్తే షేక్ గారి మొహం ఎలా చూస్తాడు?” అంది. “నీ పొట్టకేమైందిరా, రైలింజన్ని మోసినవాడివి.”

బావ కాఫీ మానేసి పదహారేళ్ళు గడిచాక పారిస్ నుంచి మంచి కబురొచ్చింది. ఒప్పందం మీద సంతకాలయ్యాయి, ఫ్రెంచివాళ్ళు వెళ్తామన్నారు. డమాస్కస్‌లో జనం వీధుల్లో నాట్యం చేశారు. మా ఊళ్ళో ఆడవాళ్ళు మాంసం, బుర్గుల్ కలిపి మలీహీ వండారు, నెయ్యి చేతుల మీంచి కారింది. అందరూ మదాఫాకి వచ్చి బావని చుట్టుముట్టారు.

“తాగు ఉక్లా. ఇంక తాగేయ్.”

బావ చేతులు తుడుచుకున్నాడు. “వెళ్ళిపోయారా?”

“వెళ్తామని సంతకం పెట్టారు.”

“సంతకాలు సరే. మూటలు కట్టారా?”

బావ షేక్ గారి వంకే చూస్తున్నాడు గానీ, ఆయన మేకు మీది ఈల వంక చూస్తున్నారు. బావ మళ్ళీ రోటి దగ్గర కూర్చున్నాడు. రెండేళ్ళు చూశాం, మూడేళ్ళు చూశాం. ఆ కాగితాన్ని పారిస్‌లో పెద్దల సభ ఒప్పుకోలేదు. ఈలోగా వాళ్ళకి ఇంకో ప్రపంచ యుద్ధం వచ్చిపడింది.

ఆ యుద్ధం మధ్యలో మా పొలాల మీద విమానాల్లోంచి కాగితాలు పడ్డాయి. వీళ్ళు జర్మనీకి లొంగని వేరే ఫ్రెంచివాళ్ళట, వీళ్ళ పక్కన ఇంగ్లీషువాళ్ళు కూడా ఉన్నారట, మీకు స్వతంత్రం ఇచ్చేశాం అని రాసుంది. కాగితం మంచిది, మందంగా ఉంది. అక్క దాన్ని జున్ను కుండ మీద మూతకి వాడింది.

ఆ మరుసటి ఏడు మళ్ళీ ఒక ఇంగ్లీషు ఆఫీసరు వచ్చాడు. ఇతను పెద్దవాడు, అరబ్బీ చక్కగా వచ్చు, పుస్తకాలు చదివినట్టున్నాడు. నేను మొదటి కప్పు తాగాను. బావ రెండోది అతనికి పోశాడు. అతను ముట్టకుండా నేలమీద పెట్టాడు.

బావ నోరు తెరిచాడు. మదాఫాలో ముసలివాళ్ళందరూ ఒకళ్ళనొకళ్ళు చూసుకున్నారు.

“ఇన్నాళ్ళకి నేర్చుకున్నారు” అన్నాడు బావ నా చెవిలో.

“ఏం కావాలి, నాయనా?” అన్నారు షేక్ గారు.

“గోధుమ” అన్నాడు ఆఫీసరు. “పట్నాలు ఆకలితో ఉన్నాయి. మిగిలిన గోధుమ దాచకుండా మాకు అమ్మాలి.”

బావ లేచాడు. తనకో కప్పు పోసుకుని, తెచ్చి ఆఫీసరు కప్పు పక్కనే పెట్టాడు. రెండు కప్పులూ నల్లగా, ఆవిర్లు కక్కుతూ పక్కపక్కన కూర్చున్నాయి.

“ఈయనకేం కావాలి?” అన్నాడు ఆఫీసరు.

“మీవాళ్ళు మొదటి యుద్ధంలో ఇస్తామన్నదే” అన్నాడు బావ.

ఆఫీసరు మొహం ఎర్రబడింది. మంచివాడే అనుకుంటాను. “యుద్ధం అయ్యాక తప్పకుండా” అన్నాడు.

“ఈ మాట ఎక్కడో విన్నట్టుందిరా ఫందీ” అన్నాడు బావ.

“నేను చెప్పిన అబద్ధాల్లో మాత్రం లేదు బావా. నావి ఇంత పాతవి కావు.”

షేక్ గారు చెయ్యెత్తి మమ్మల్ని ఆపారు. అడిగినవాడి కప్పు తన ఇంట్లో చల్లారడం ఆయన చూడలేరు. “తాగండి. పట్నాల్లో ఉన్నది మా పిల్లలే. గోధుమ ఇస్తాం” అన్నారు. ఆఫీసరు తాగాడు. అతని కళ్ళలో నీళ్ళు తిరిగాయి. కృతజ్ఞత అనుకున్నవాళ్ళున్నారు. అది నేను రోజూ తాగే కాఫీ.

బావ కప్పులోది మాత్రం మళ్ళీ గుమ్మం అవతలికి పోయింది.

యుద్ధం అయ్యాక కూడా ఫ్రెంచివాళ్ళు కదల్లేదు. పైపెచ్చు డమాస్కస్ మీదికి ఫిరంగులు పేల్చారు. అప్పటికి షేక్ గారికి చూపు దాదాపు పోయింది. ఆ చలికాలం జ్వరం పట్టుకుని వదల్లేదు. బావ రోజూ పొద్దున్నే మదాఫా తలుపు తీసేముందు ఆయన గది కిటికీ దగ్గర నిలబడి దగ్గు వినిపించేదాకా ఆగేవాడు. దగ్గు వినిపిస్తే వెళ్ళి పొయ్యి రాజేసేవాడు.

వసంతం వచ్చింది. ఒక పొద్దున దరా బస్సు డ్రైవరు హారన్ కొట్టుకుంటూ వచ్చి, వెళ్ళిపోయారు, ఆఖరివాడితో సహా వెళ్ళిపోయారు అని చెప్పాడు. ఊరంతా మదాఫాకి చేరింది. బావ పొయ్యి ముందునుంచి కదల్లేదు.

“కాగితం కూడా ముందే వచ్చింది, సంతకం కూడా ముందే వచ్చింది. చూసినవాడెవడు?” అన్నాడు.

“నేను వెళ్ళి చూసొస్తాను బావా” అన్నాను.

గది గొల్లుమంది. ఒక ముసలాయన దగ్గొచ్చేదాకా నవ్వాడు. “వీణ్ణి పంపితే ఫ్రెంచివాళ్ళని తనే ఓడ దాకా భుజాన మోసుకెళ్ళానంటాడు.”

బావ నవ్వలేదు. నన్ను బయటికి తీసుకెళ్ళి, అంజూర చెట్టు కింద నిలబెట్టాడు. “ఒరేయ్ ఫందీ. షేక్ గారికి ఎక్కువ రోజుల్లేవు. నువ్వు అబద్ధం చెప్పి నేను తాగితే, ఆయన నోటి మాట వృథా అవుతుంది. నిజంగా వెళ్ళిపోయి ఉండి, నిన్ను నమ్మక నేను ఆగితే, ఆయన పోతారు. నీ బతుకులో ఒక్కసారి, చూసింది చూసినట్టు చెప్పు.”

“బావా, నేను ఎప్పుడూ…”

“ఫందీ.”

బస్సెక్కాను.

మర్నాడు మధ్యాహ్నం తిరిగొచ్చాను. షేక్ గారిని మంచంతో సహా మదాఫాకి మోసుకొచ్చి ఆయన చోటులోనే పెట్టారు. ఊరంతా ఉంది. బస్సులో దారి పొడుగునా నేను ఒక కథ కట్టుకున్నాను. అందులో ఏనుగులు కూడా ఉన్నాయి. బావ ఎదురుగా కూర్చున్నాక అది ఒక్క ముక్కా బయటికి రాలేదు.

“కొండ పక్కనున్న ఫ్రెంచి సైనికుల బారకాసుకి వెళ్ళాను” అన్నాను. “గేటు తీసుంది. కాపలావాడు లేడు. లోపలికెళ్ళాను. వంటగదిలో పొయ్యి చల్లగా ఉంది. పెరట్లో బట్టలారేసే తాడు మీద ఒక మేజోడు ఉంది, రెండోది లేదు. ఒక మేక గులాబీ మొక్కలు తింటోంది. దాన్ని ఎవరూ అదిలించడం లేదు.”

“తర్వాత?” అన్నాడు బావ.

“అంతే.”

“నువ్వేం చేశావు అక్కడ?”

“ఏం చెయ్యలేదు. కాసేపు మేకని చూసి వచ్చేశాను.”

బావ చాలాసేపు నా మొహం చూశాడు. తర్వాత లేచి పొయ్యి దగ్గరికి వెళ్ళాడు. ఆ రోజు రోకలి చప్పుడు ఏ దరువో నాకు ఇప్పటికీ తెలీదు. అంతకుముందు విన్నది కాదు. కాచాడు, ఒక కప్పు పోశాడు. అది నా చేతికివ్వలేదు. షేక్ గారి మంచం ముందు నేలమీద పెట్టి, దాని పక్కన మోకాళ్ళ మీద కూర్చున్నాడు.

“పెట్టావా ఉక్లా?” అన్నారు షేక్ గారు. ఆయనకి కనిపించడం లేదు.

“పెట్టాను.”

షేక్ గారు చెయ్యి చాపి, తడుముకుని, బావ తల మీద పెట్టారు. “తాగు” అన్నారు. “నువ్వడిగింది అయింది.”

బావ కప్పెత్తి తాగాడు. నేను ఊపిరి బిగబట్టాను. ఊరంతా బిగబట్టింది. మొదటి గుటక నోట్లోనే ఆగిపోయింది. బావ మొహంలో ఒక్కో గీతా ఒక్కో వైపుకి వెళ్ళింది. మింగి, కప్పులోకి చూసి, కూజాలోకి చూసి, గోడ వెంట కూర్చున్న మా అందరి మొహాలూ వరసగా చూశాడు. అందరం ఒక్కసారే పైకప్పు దూలాల్ని పరిశీలించడం మొదలుపెట్టాం.

“షేక్ గారూ. ఇది… ఇన్నాళ్ళూ ఇదేనా?”

“ఇదే.”

“మీరు రోజూ తాగారే.”

“తాగాను.”

“ఒక్క మాటైనా అనలేదే.”

“నీ చేతి కాఫీ బాగాలేదని నేనెప్పుడూ అనుకోలేదు, ఉక్లా” అన్నారు. “ఆ ఏడు కూడా అనుకోలేదు.”

ఏ ఏడో ఆయన చెప్పలేదు, బావ అడగలేదు. మేకు మీద ఈల అలాగే ఉంది. బావ తలవంచుకుని మిగిలిన కాఫీ కూడా ఆఖరి చుక్క దాకా తాగేశాడు. కళ్ళు తుడుచుకున్నాడు. ఆ కాఫీకి ఎవడైనా తుడుచుకుంటాడు.

తర్వాత కూజా తీసుకెళ్ళి గుమ్మం అవతల ఒంపేశాడు. ఆ చోట ఇప్పటికీ గడ్డి మొలవదు. కొత్త గింజలు పెనం మీద పోసి, వేగుతుండగా ఒక్కో గింజా తీసి కొరికి చూసుకుంటూ కూర్చున్నాడు, పెళ్ళికొడుకులా సిగ్గుపడుతూ. సాయంత్రానికి కాఫీ సిద్ధమైంది. మొదటి కప్పు తనే తాగాడు, రెండోది షేక్ గారి పెదాల దగ్గర పట్టుకున్నాడు.

షేక్ గారు చప్పరించారు. “కొంచెం పల్చగా ఉందేమో” అన్నారు.

“అలవాటవుతుంది లెండి” అన్నాడు బావ.

నా ఉద్యోగం ఆ పూటతో పోయింది. ఎవరూ నాకు థాంక్స్ కూడా చెప్పలేదు. ఇంటికెళ్ళి మంచమెక్కాను, ఒక్కసారిగా నిద్ర పట్టింది. నేను లేచేసరికి గోధుమలు కోసి, నూర్చి, గాదెల్లో పోసేశారట. షేక్ గారు నూర్పిళ్ళు అయ్యాక పోయారని, వారమంతా వచ్చినవాళ్ళందరికీ బావే కాఫీ పోశాడని అక్క చెప్పింది.

“ఎలా ఉంది కాఫీ?” అన్నాను.

“అందరూ కాసేపు మాట్లాడలేదు” అంది అక్క.